షావుకారు స్థానమున సంఘము: చిన్న రైతుల సహకార చరిత్ర

కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు మనకు సహకార సంఘమన్నది క్రొత్త మాట కాదు. నెలజీతము నుండి కొంత మినహాయించుకొని, అవసరమునకు అప్పిచ్చు పరపతి సంఘము పెక్కు కార్యాలయములలో కలదు. 1963లో ఉద్యోగుల సౌకర్యార్థము ఏర్పడిన కేంద్రీయ భండార్ దుకాణములు ఢిల్లీ నివాసులకు చిరపరిచితములు. అయితే మన దేశమున ఇట్టి సంఘములకు చట్టరూపమున పునాది పడినది ప్రధానముగా ఉద్యోగుల కొరకు కాదు. రెండు మూడెకరముల పొలము దున్నుకొనుచు, పంట చేతికి రాకముందే దానిని అప్పులవానికి వ్రాసియిచ్చిన రైతు కొరకు. ఆ రైతునకు సంఘము ఎంతవరకు అక్కరకు వచ్చినది? ఒకచోట వేళ్లూనిన సంఘము మరియొకచోట ఎందులకు వాడిపోయినది? నూటయిరువది యేండ్లకు పైబడిన చరిత్ర ఈ ప్రశ్నలకు చాలవరకు సమాధానమిచ్చుచున్నది. దానిని పాఠకుల ముందుంచుటయే ఈ వ్యాసోద్దేశము.

1875వ సంవత్సరము మే నెలలో పూనా జిల్లాలోని సూపా గ్రామమున రైతులు షావుకార్లపై తిరుగబడిరి. అచ్చటినుండి అలజడి పూనా, అహ్మదునగరు జిల్లాలలోని ఇతర గ్రామములకు ప్రాకినది. ఆ గుంపులు ముఖ్యముగా కోరినది షావుకారు ప్రాణము కాదు. అతని పెట్టెలోని అప్పుపత్రములు. వానిని చేజిక్కించుకొని తగులబెట్టుటయే వారి పట్టుదల. అమెరికాలో అంతర్యుద్ధము జరిగిన 1861-65 నడుమ మన ప్రత్తికి అపూర్వమైన ధర పలికినది. రైతునకు అప్పు సులభముగా పుట్టినది. యుద్ధము ముగియగనే ధర కూలినది, అప్పు నిలిచినది. దానికి తోడు భూమిశిస్తు పెరిగినది. ప్రభుత్వము విచారణ సంఘమును నియమించి, 1879లో దక్కను రైతుల రక్షణచట్టమును చేసినది. ఆ చట్టము షావుకారు చేతిని కొంత అడ్డగింపగలిగినది. కాని రైతునకు మరియొక చేయి చూపలేదు.

ఇచ్చట మనము షావుకారు స్వరూపమును కొంచెము నిదానముగా గమనింపవలెను. అతడు అప్పిచ్చువాడు మాత్రమే కాదు. తొలకరిలో విత్తులకు ధాన్యము కొలిచి యిచ్చువాడు అతడే. కోతల కాలమున కల్లమువద్ద నిలిచి పంట కొనువాడు అతడే. తూనికయు అతనిదే, ధరయు అతనిదే. పట్టణమున ఏ సరకునకు గిరాకి కలదో, వచ్చే యేడు ఏ పంట వేసిన లాభమో, ఆ వార్త ఊరికి తెచ్చువాడును అతడే. పెండ్లికిగాని చావునకుగాని ఏ వేళ తలుపు తట్టినను లేదనక చేబదులిచ్చువాడును అతడే. ఇన్ని పనులు ఒక్కని చేతిలో ముడిపడియుండుటయే అతని బలము. ఆ ముడిలోనే రైతు బందీ. కావున షావుకారు స్థానమున నిలువదలచిన సంఘము ఈ పనులన్నిటికిని పూనుకొనవలెను. అప్పు ఒక్కటే యిచ్చి తక్కినవానిని అతనికే విడిచిన సంఘము, అతని పద్దులో మరియొక పంక్తి మాత్రమే కాగలదు. రానున్న చరిత్ర యంతయు ఈ యొక్క సత్యమునకు వ్యాఖ్యానము.

మద్రాసు ప్రభుత్వము 1892లో ఫ్రెడరిక్ నికల్సన్ అను సివిల్ సర్వీసు అధికారిని రైతుల పరపతి విషయమును పరిశీలించుటకు నియమించినది. ఆయన ఐరోపా దేశములలోని రైతుబ్యాంకులను శోధించి 1895లోను, 1897లోను రెండు సంపుటముల నివేదికను సమర్పించెను. జర్మనీలో గ్రామాధికారిగా పనిచేసిన రైఫైజెన్ నెలకొల్పిన సంఘములు ఆయనను మిక్కిలి ఆకర్షించినవి. వాని పద్ధతి సులభగ్రాహ్యము. సంఘము ఒక చిన్న గ్రామమునకు పరిమితము. సభ్యులు ఒకరినొకరు ఎరిగినవారు. ఒకడు అప్పు తీర్చనిచో అందరును బాధ్యులు. కార్యవర్గమునకు జీతము లేదు. మిగులు సొమ్ము నిధికే చేరును. భూమిని చూచి కాక మనిషిని చూచి అప్పిచ్చుట అందలి కీలకము. అట్టి పురుషుడు మనదేశమున దొరకినగాని పని సాగదని నికల్సన్ పండితుని తీర్పు.

పురుషుడు దొరకుటకు ముందే చట్టము వచ్చినది. 1904 మార్చి నెలలో సహకార పరపతి సంఘముల చట్టము అమలులోనికి వచ్చెను. పదిమంది కూడిన సంఘము పెట్టుకొనవచ్చును. ఆ యేడే చెంగల్పట్టు జిల్లాలోని తిరూరున మద్రాసు రాజధానిలో తొలి వ్యవసాయ సహకార సంఘము ఏర్పడినది. ఆ గ్రామము నేడు తిరువళ్లూరు జిల్లాలోనిది. 1905లో ధార్వాడ ప్రాంతమున, నేటి గదగు జిల్లాలోని కణగినహాళమున సిద్ధనగౌడ సణ్ణరామనగౌడ పాటీలు గారు మరియొకటి స్థాపించిరి. అయితే ఈ చట్టము అనుమతించినది పరపతిని మాత్రమే. విత్తనములు కొనుటకు, పంట అమ్ముటకు సంఘములు పెట్టు వీలు 1912 నాటి రెండవ చట్టముతో గాని కలుగలేదు. అప్పటికే ఉద్యమము అప్పుల దారి పట్టియుండెను.

మరియొక భేదము గూడ కలదు. జర్మనీలో సంఘము ఊరినుండి పుట్టి చట్టమును వెదకికొన్నది. మన దేశమున చట్టము ముందుగా పుట్టి, రిజిస్ట్రారు అను అధికారి ద్వారా ఊరిని వెదకికొన్నది. ఆ అధికారులలో పెక్కురు నిజముగా రైతు మేలుకోరిన వారే. కాని సంఘమనగా సర్కారు బ్యాంకు, అప్పనగా సర్కారు సొమ్ము అను భావము గ్రామములలో నాటుకొన్నది. 1915లో మెక్లాగన్ సంఘము ఈ లోపమును ఎత్తిచూపి, సభ్యులకు సహకార సూత్రముల యందు శిక్షణ లేనిదే సంఘములు నిలువజాలవని హెచ్చరించెను. 1919 సంస్కరణలతో సహకార శాఖ రాష్ట్రముల మంత్రుల చేతికి వచ్చినది. సంఘముల సంఖ్య పెరిగినది. ఆ దినములలో మద్రాసు రాష్ట్ర సహకార బ్యాంకునకు నాయకత్వము వహించి, అఖిల భారత సహకార సంస్థలలోను అగ్రస్థానమందుకొన్న వేమవరపు రామదాసు పంతులు గారు మన తెలుగువారే యగుట ముదావహము. ఇంతలో 1929 నాటి ఆర్థికమాంద్యము విరుచుకొనిపడినది. ధాన్యపు ధరలు సగమునకు దిగినచోట అప్పు తీరు దారి యేది? బాకీలు పేరుకొన్నవి, పెక్కు సంఘములు పుస్తకములలో మాత్రమే మిగిలినవి.

ఈ ఫలితమును అంకెలలో తేల్చినది అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలనము. గోర్వాలా గారి అధ్యక్షతన 75 జిల్లాలలో 600 గ్రామములను శోధించి 1954లో వెలువరించిన ఆ నివేదిక ప్రకారము, 1951-52లో రైతులు చేసిన అప్పులలో సహకార సంఘములు ఇచ్చినది నూటికి 3.1 వంతు మాత్రమే. వడ్డీ వ్యాపారుల వాటా నూటికి ఇంచుమించు డెబ్బది. ఏబదియేండ్ల శ్రమకు ఫలము నూటికి మూడు! ఐనను నివేదిక సహకారమును త్రోసిపుచ్చలేదు. గ్రామమున అప్పు, వర్తకము, పలుకుబడి ఒక్కచోట కూడియుండగా, ఒంటరిగా నిలిచిన పరపతి సంఘము ఓడుట సహజమని గుర్తించినది. అప్పును, విక్రయమును, గిడ్డంగిని ఒకదానితో నొకటి జోడింపవలెనని చెప్పినది. షావుకారు రహస్యము ఇన్నాళ్లకు ప్రభుత్వ పత్రమునకెక్కినది.

ఐతే నివేదికకు పూర్వమే కొందరు రైతులు అనుభవముచే ఈ రహస్యమును గ్రహించియుండిరి. చెరకు రైతు దుస్థితిని చూడుడు. చెరకును నరికిన తరువాత ఆలస్యమైన కొలది దాని పంచదార తగ్గిపోవును. ధాన్యమువలె గాదెలో నిలువచేసి మంచి ధరకై వేచియుండుట కుదరదు. ఫ్యాక్టరీ ఎవనిదో ధర వానిదే. 1932లో పంచదార పరిశ్రమకు రక్షణచట్టము వచ్చిన వెంటనే, 1933-35 నడుమ దేశమున నాలుగు సహకార కర్మాగారములు తలయెత్తినవి. ఉత్తరప్రదేశమునందలి బిస్వాన్ తప్ప తక్కిన మూడును తెలుగునాటివే: తుమ్మపాల, ఏటికొప్పాక, ఉయ్యూరు. ఆ తొలి ప్రయత్నములలో ఒడిదుడుకులను తట్టుకొని సహకార సంఘముగా నిలదొక్కుకొన్నది వరాహనదీ తీరమునందలి ఏటికొప్పాక. లక్కబొమ్మలకు పేరొందిన ఆ గ్రామమునకు ఈ కీర్తియు చెందవలెను. తరువాత 1950లో మహారాష్ట్రమున అహ్మదునగరు జిల్లా లోణీ వద్ద ప్రవరా కర్మాగారము చెరకు ఆడుట ప్రారంభించినది. దానిని కూడగట్టినవాడు విఠల్‌రావు విఖే పాటిల్ అను గ్రామీణ రైతు; అధ్యక్షుడుగా నిలిచి దారిచూపినవాడు ధనంజయరావు గాడ్గిల్ అను అర్థశాస్త్ర పండితుడు. 1875లో అప్పుపత్రములు తగులబడిన జిల్లాలలో ఒకటైన అహ్మదునగరుననే, ముప్పాతిక శతాబ్దము గడచిన పిదప, రైతులు తమ సొంత ఫ్యాక్టరీ వాటాపత్రములను చేతబట్టుకొనిరి.

చెరకుకంటెను తొందరపెట్టు సరకు పాలు. ఉదయము పిండినవి మధ్యాహ్నమునకు విరిగిపోవును. గుజరాతునందలి ఖేడా జిల్లాలో పాలు సేకరించి బొంబాయికి పంపు హక్కును 1945లో బొంబాయి ప్రభుత్వము పోల్సన్ కంపెనీకి ఏకాధికారముగా నిచ్చెను. నడుమ దళారీలు, ధర వారి యిష్టము. రైతులు సర్దార్ పటేలు గారితో మొరపెట్టుకొనగా, సొంత సంఘము పెట్టుకొనుడని ఆయన బోధించెను. 1946 జనవరిలో సమర్ఖా గ్రామమున మొరార్జీ దేశాయి గారి సమక్షమున సభ జరిగినది. పిమ్మట పదునైదు దినములు ఒక్క చుక్క పాలును కంపెనీకి పోయకుండ రైతులు సమ్మె చేసిరి, ప్రభుత్వము దిగివచ్చినది. త్రిభువనదాసు పటేలు గారి నాయకత్వమున 1946 డిసెంబరు 14న ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సమాఖ్య రిజిస్టరైనది. ఆరంభమున రోజుకు వచ్చిన పాలు ఇంచుమించు 250 లీటర్లు.

ఆ సంఘము నడచు తీరు గమనింపదగినది. ఊరిలో ప్రాథమిక సంఘము, జిల్లాకు సమాఖ్య, సమాఖ్యది కర్మాగారము. రైతుస్త్రీ ఉదయము సాయంత్రము చెంబెడు పాలైనను తెచ్చి పోయును. అక్కడనే కొలత, అక్కడనే వెన్నశాతము పరీక్ష, దానినిబట్టియే ధర. నీరు కలిపినచో పరీక్ష పట్టును. ధర తగ్గించినచో లెక్క పట్టును. ఒక్క గేదె కలవానికిని పది గేదెలు కలవానికిని కొలతపాత్ర యొక్కటే. ఇది విక్రయము. రెండవది విజ్ఞానము. 1949లో ఆనంద్ పట్టణమునకు ప్రభుత్వోద్యోగిగా వచ్చిన వర్గీస్ కురియన్ గారు ఉద్యోగము వదలి సంఘమున చేరిరి. ఆయన మిత్రుడు హెచ్.ఎమ్. దలాయా గారును తోడైరి. గేదెపాలను పొడిగా మార్చుట సాధ్యము కాదని విదేశ నిపుణులు భావించుచుండగా దలాయా గారు దానిని సాధించిరి. 1955 అక్టోబరు 31న నెహ్రూ గారు ఆ కర్మాగారమును ప్రారంభించిరి. చలికాలమున పొంగిపొరలు పాలు పొడియై నిలువయుండుటచే, ఏడాది పొడవున రైతు పాలను కాదనక కొనుట సాధ్యమైనది. ఒక ప్రయోగశాలలోని విజయము చెంబెడు పాలవానికి ధరయై దిగివచ్చిన తీరిది. పశువైద్యులు ఊరూర తిరుగుట, మేలుజాతి బీజముతో కృత్రిమ గర్భధారణ, సమాఖ్య సొంత దాణా ఫ్యాక్టరీ మొదలగునవి క్రమముగా తోడైనవి.

1964 అక్టోబరులో లాల్‌బహదూర్ శాస్త్రి గారు దాణా ఫ్యాక్టరీని ప్రారంభింపవచ్చి, అజర్‌పురా గ్రామమున ఒక రైతు ఇంట రాత్రి బసచేసి, గ్రామస్థులతో మాటలాడి సంఘము మర్మమును తెలిసికొనిరి. ఈ పద్ధతిని దేశమంతట నెలకొల్పుటకై 1965లో జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలి ఆనంద్‌లోనే ఏర్పడినది. 1970లో ఆరంభమై 1996 వరకు మూడు దశలుగా సాగిన క్షీరధారా పథకము ఆ కృషి ఫలము. 1998 నాటికి పాల ఉత్పత్తిలో భారతదేశము ప్రపంచమున ప్రథమస్థానము నందుకొన్నది.

పాలవిషయమున ఖేడా చూపిన దారిని వరిపంట విషయమున వేరొక రీతిగా చూపినది పొరుగునున్న కొమిల్లా. నేటి బంగ్లాదేశము నాడు తూర్పు పాకిస్తాను. అక్తర్ హమీద్ ఖాన్ గారు ఐ.సి.ఎస్. పదవిని 1945లో త్యజించి, కొంతకాలము కూలివానిగను తాళములు చేయువానిగను జీవించిన విలక్షణ పురుషుడు. 1959లో కొమిల్లాలో స్థాపితమైన గ్రామాభివృద్ధి అకాడమీకి ఆయన అధిపతియై, రైతునకు రైతే గురువు అను పద్ధతిని ప్రయోగించెను. ప్రతి గ్రామసంఘమును తమలో ఒక రైతును ఎన్నుకొని వారమునకొకమారు ఠాణా కేంద్రమునకు పంపును. అతడు క్రొత్త వంగడమును, నాటు పద్ధతిని, ఎరువు మోతాదును నేర్చికొని వచ్చి, తన ఊరి వారపు సమావేశమున చెప్పును. తన పొలమున చేసి చూపును. పొరుగువాని పొలమున కన్నులార చూచినదానిని రైతు నమ్మును. ఆ సమావేశముననే ప్రతి సభ్యుడు ఎంత స్వల్పమైనను కొంత పొదుపు చెల్లింపవలెను. ఠాణా సమాఖ్య అప్పును, నీటిపంపులను సమకూర్చును. పంపులు, గొట్టపుబావులు వచ్చుటతో బీడుపడియుండిన చలికాలపు భూములలో వరి పండినది.

కాని కొమిల్లా కథకు రెండవ భాగము కలదు. బంగ్లాదేశము ఏర్పడిన పిదప ఈ విధానమును దేశమంతట త్వరత్వరగా వ్యాపింపజేసిరి. వారపు సమావేశము, శిక్షణ, పొదుపు పలుచబడినవి. అప్పు మాత్రము ప్రవహించినది. అనేక గ్రామములలో సంఘములు పెద్దరైతుల చేజిక్కినవి, బాకీలు పెరిగినవి. ఆకారము చేరినచోట ఆచారము చేరలేదు. 1915లో మెక్లాగన్ సంఘము చెప్పిన మాటయే అర్ధశతాబ్దము తరువాత వేరొక భాషలో వినవచ్చినది.

మన తెలుగునాట ఈ పాఠములన్నియు ఒక్కచోట కూడియున్న గ్రామము ములుకనూరు. పూర్వపు కరీంనగరు జిల్లాలోనిదైన ఈ గ్రామము నేడు హనుమకొండ జిల్లాలో చేరినది. అది మెట్టప్రాంతము, వాన మోసము చేసిన యేడు బావియు మోసము చేయును. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు పదునాలుగు గ్రామముల రైతులను కూడగట్టి సహకార గ్రామీణ బ్యాంకు, విక్రయ సంఘమును స్థాపించిరి. పేరులోనే దాని విశేషము కలదు: బ్యాంకును విక్రయమును ఒకే కప్పు క్రింద నుండుట. అప్పిచ్చిన సంఘమే విత్తనములు, ఎరువులు అందించినది. పండిన వడ్లను, ప్రత్తిని తానే కొన్నది. బియ్యపు మిల్లును, ప్రత్తి గింజలు తీయు మరను నెలకొల్పినది. పంట సంఘమునకే వచ్చుటచే బాకీ వసూలునకు జప్తులతో పనిలేకపోయినది; రైతునకు తూనికలో మోసము తప్పినది.

ఇట్టి సంఘములకు చిరకాలము అడ్డుగా నిలిచినది వెలుపలి అధికారము. పాత చట్టముల క్రింద ఎన్నికైన పాలకవర్గమును ప్రభుత్వము రద్దుచేసి తన అధికారిని కూర్చుండబెట్టవచ్చును; ఎన్నికలను వాయిదా వేయవచ్చును. ఢిల్లీ రాష్ట్ర తొలి ముఖ్యమంత్రియైన చౌధరీ బ్రహ్మప్రకాశ్ గారి అధ్యక్షతన ప్రణాళికా సంఘము నియమించిన కమిటీ 1991లో ఒక నమూనా చట్టమును సూచించినది. దానిని అనుసరించి దేశమున మొట్టమొదట ముందడుగు వేసినది ఆంధ్రప్రదేశమే. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము, ప్రభుత్వ వాటాధనము లేని సంఘమునకు స్వయంపాలనను ప్రసాదించినది. ఆ చట్టపు నీడలోనే 2000వ సంవత్సరమున ములుకనూరు మహిళల పాడి సహకార సంఘము ఉత్పత్తి ప్రారంభించినది. గ్రామసంఘములలో సభ్యులు స్త్రీలు; పాలకవర్గమున స్త్రీలు; తమ పాలకు తామే పెట్టుకొన్న పేరు ‘స్వకృషి’.

ఈ చరిత్ర ముగిసినది కాదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారము మన దేశపు కమతములలో నూటికి 86 రెండు హెక్టారులకు లోబడినవి. 1970-71లో సగటు కమతము 2.28 హెక్టారులుండగా, 2015-16 నాటికి 1.08కి తగ్గినది. కమతము చిన్నదైన కొలది రైతు బేరము బలహీనమగును; కూడికయొక్క అవసరము హెచ్చును. 2002లో రైతు ఉత్పత్తిదారుల కంపెనీలకు చట్టమున చోటు దొరికినది. 2020లో పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘములు నెలకొల్పు పథకము ఆరంభమైనది. 2021లో కేంద్రమున సహకార మంత్రిత్వశాఖ ఏర్పడినది. 2025ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ సహకార సంవత్సరముగా పాటించినది. ఇవి హర్షింపదగినవే. కాని పట్టాలో పేరులేని కౌలురైతు పెక్కుచోట్ల నేటికిని ఈ సంఘముల గడప వెలుపలనే నిలిచియున్నాడు. అతనికి నేడును దిక్కు షావుకారే.

ప్రభుత్వోద్యోగులమైన మనకు ఈ చరిత్రలో ప్రత్యేకమైన పాఠమొకటి కలదు. నికల్సన్ వంటి అధికారులు లేనిచో ఉద్యమము పుట్టకయే యుండెడిది. అధికారులు సకాలమున ప్రక్కకు తొలగకపోవుటచే అది చాలచోట్ల పెరుగకయు పోయినది. సంఘముల సంఖ్యను లక్ష్యముగా పెట్టుకొని గడువులోగా నింపుట మనకు సులభము. 1904 తరువాత జరిగినది అదియే, కొమిల్లా విస్తరణలో జరిగినదియు అదియే. ఒక ఊరి సంఘమును గూర్చిన ఫైలు మన బల్లమీదికి వచ్చినపుడు అడుగవలసిన ప్రశ్నలు మూడు. ఈ సంఘము అప్పు మాత్రమే యిచ్చుచున్నదా, పంటను గూడ అమ్మిపెట్టుచున్నదా? క్రొత్త విషయము రైతునకు ఎవరి నోట చేరుచున్నది? పాలకవర్గమును మార్చు అధికారము సభ్యులదా, మరియొకరిదా? ఈ మూడింటికి తృప్తికరమైన సమాధానము లభించు సంఘమే షావుకారు స్థానమున నిలువగలదు. అట్టి సంఘములకు అడ్డుపడక తోడ్పడుట మనవంటివారి విధి. వానిని నడపుకొనుట రైతుల హక్కు.